కప్పు పండుగ నాటి ఫోటో

ఆరు నెలలంటే ఆరు నెలలేనని నీలేశ్‌భాయ్ దేవుడి పటం ముందు నిలబడి మాటిచ్చాడు. భాగీరథి మళ్లీ సూరత్‌లో దిగేసరికి ఇరవై నెలలు గడిచిపోయాయి.

ఆమెది సూరత్‌లోని బమ్రోలి. కరీంనగర్ దిక్కు పద్మశాలీల బిడ్డ. నడక వచ్చీరాని వయసులో తల్లిదండ్రుల వెంట సూరత్ వచ్చింది, ఇక్కడే పెరిగింది, ఇక్కడే పెళ్లయింది. భర్త అంబదాస్ పాండేసరలో ఒక బట్టల కార్ఖానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. రోజుకు పన్నెండు గంటల మోత విని విని ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడటం అలవాటైన మనిషి. వాళ్లకు ఒక్కతే కూతురు, రుచిత.

భాగీరథి దగ్గర్లోని ఆల్థాన్‌లో కాంతాబా అనే గుజరాతీ పెద్దావిడ దగ్గర నాలుగేళ్లుగా ఆయా పని చేసేది. తుంటి ఎముక విరిగిన దగ్గర నుంచి కాంతాబాను లేపడం, కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, మందులు వేయడం అన్నీ భాగీరథే. ఇద్దరూ గుజరాతీలోనే మాట్లాడుకునేవాళ్లు. అమ్మ అనే అర్థంలో ఆమెను బా అని పిలిచేది భాగీరథి. బా కోపం వస్తే గిన్నెలు విసిరేది, కోపం పోయాక "దీక్రీ, చాయ్ తాగావా?" అని అడిగేది. బిడ్డా అని పిలిచిందంటే ఆ రోజుకు గొడవ తీరినట్టే.

2020లో పతంగుల పండుగ వెళ్లిన వారానికి బా కొడుకు నీలేశ్‌భాయ్ వచ్చాడు. ఎక్కడో అట్లాంటిక్ సముద్రంలో ఉన్న చిన్న దీవిలో అతనికి కిరాణా దుకాణం ఉంది. తల్లిని ఇక ఒంటరిగా వదలనని, తన వెంట తీసుకుపోతానని అన్నాడు. బా ఒకటే షరతు పెట్టింది, భాగీరథి వస్తేనే తను కదులుతానని.

అంబదాస్ ఒక పూటంతా ఆలోచించాడు.

"ఆరు నెలలే గదా. పోయిరా. పోరిని నేను జూసుకుంట. పక్కకు లింగవ్వ ఉండనే ఉన్నది" అన్నాడు.

రుచితకు అప్పుడు పదమూడేళ్లు. "మమ్మీ, ఆడ నెట్‌వర్క్ మంచిగుంటదా?" అని ఒక్కటే అడిగింది.

దీవి నిజంగా చిన్నదే. ఒక కొస నుంచి ఇంకో కొసకు బస్సులో గంటన్నర. ఏ సందులో నిలబడ్డా ఎక్కడో ఒకచోట సముద్రం కనబడేది. భాగీరథి మొదటి వారం రోజులు ఆ నీళ్లను నోరు తెరుచుకుని చూసింది. తర్వాత చూడటం మానేసింది. బా ఇక్కడా మంచం మీదే ఉంది, కిటికీ మాత్రం మారింది.

రెండు నెలలు తిరగకుండానే కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. సూరత్‌లో సాంచాలు ఆగిపోయాయి. బమ్రోలిలో సగం గదులు ఖాళీ అయ్యాయని, ఒడియావాళ్లు, బిహార్‌వాళ్లు, మనవాళ్లు మూటలు కట్టుకుని ఊళ్లకు పోతున్నారని రుచిత ఫోన్‌లో చూపించేది. అంబదాస్ ఎక్కడికీ పోలేదు. పోవడానికి ఊళ్లో ఇల్లు లేదు. ఆరు నెలలు దాటాయి, ఏడాది దాటింది. ఎప్పుడు అడిగినా నీలేశ్‌భాయ్ ఒకే మాట చెప్పేవాడు. "విమానాలు లేవు భాగీరథీబెన్. వచ్చే నెల చూద్దాం." ఆమె పాస్‌పోర్టు పోతుందేమోనని తన బీరువాలో దాచిపెట్టాడు. భాగీరథి నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది?

మరుసటి ఏడు ఏప్రిల్‌లో అంబదాస్‌కు జ్వరం వచ్చింది. నాలుగో రోజుకు ఊపిరి అందలేదు. రుచిత, లింగవ్వ కలిసి ఆటోలో వేసుకుని మూడు దవాఖానల తలుపులు తట్టారు. నాలుగో చోట మంచం దొరికింది. పదిహేడు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. అక్కడ పగలైతే దీవిలో రాత్రి. భాగీరథి ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకునేది, కన్ను మాత్రం మూతపడేది కాదు. ఇంతలో బా పిలిచేది, బాత్రూమ్‌కు తీసుకుపోవాలి. వచ్చి పడుకుంటే మళ్లీ ఫోన్ మోగినట్టు అనిపించేది. తీసి చూస్తే మోగి ఉండేది కాదు.

అంబదాస్ బతికి ఇంటికి వచ్చాడు. కానీ పది అడుగులు వేస్తే కూర్చోవాలి. పన్నెండు గంటలు నిలబడి సాంచాలు నడపడం ఇక కలలో మాట. కార్ఖానా సేఠ్ ఆ సాంచాల మీద వేరే మనిషిని పెట్టుకున్నాడు.

అంబదాస్ ఇల్లు చేరాక కూడా భాగీరథికి నిద్ర తిరిగి రాలేదు. ఒక రోజు బాకిచ్చే చాయ్‌లో చక్కెర బదులు ఉప్పు వేసింది. ఇంకో రోజు బాత్రూమ్ గుమ్మంలో నిలబడి ఎందుకు వచ్చిందో గుర్తుకు రాక అట్లాగే చాలాసేపు నిలబడిపోయింది. ఏడుపు కూడా రాలేదు. ఏడవడానికీ కొంచెం బలం కావాలి.

జూలై నెలాఖరుకు దీవంతా రంగులు పడ్డాయి. అది వాళ్లకు ఏడాదికొక్కసారి వచ్చే క్రికెట్ పండుగ. ఎప్పుడో వాళ్ల ముత్తాతల కాలంలో బానిసత్వం పోయిందని తెలిసిన రోజును తలచుకుని, దీవి తూర్పు కొసవాళ్లు, పడమటి కొసవాళ్లు ఒక కప్పు కోసం రెండు రోజులు ఆడతారట. తూర్పుకు నీలం, పడమరకు ఎరుపు. ఆ రెండు రోజులు బ్యాంకులు లేవు, ఆఫీసులు లేవు. కిందటేడు కరోనా వల్ల ఆట జరగలేదు. ఈసారి టీకా వేసుకున్నవాళ్లకు మణికట్టుకు పట్టీ కట్టి లోపలికి వదులుతారన్నారు. రెండేళ్ల ఆకలి ఒక్కసారే తీర్చుకోవాలన్నట్టు జనం ఎగబడ్డారు. నీలేశ్‌భాయ్ దుకాణం తూర్పు వైపున ఉంది కాబట్టి అతనూ నీలం వైపే. మైదానంలో కనబడకపోతే గిరాకీలు మాట అంటారు.

భాగీరథి లోలోపల ఒక లెక్క వేసుకుంది. అందరూ పండుగకు పోతే ఇల్లు ఖాళీ అవుతుంది. బాకు అన్నం పెట్టి పడుకోబెట్టి తనూ ఒక గంట నడుం వాల్చొచ్చు.

"నేనూ వస్తా. ఊరంతా పోతుంటే నేనొక్కదాన్నీ గోడలు చూస్తూ కూర్చోవాలా?" అంది బా.

అంతే. చక్రాల కుర్చీ, మందుల సంచి, మారుచీర, వేడినీళ్ల ఫ్లాస్కు అన్నీ సర్దింది భాగీరథి.

మైదానం చుట్టూ వరుసగా గుడారాలు వేశారు. డప్పులు, బూరలు, చేపలు వేగుతున్న వాసన. ఫోర్ కొడితే ఒక వైపు వాళ్లు లేచి గెంతేవాళ్లు, వికెట్ పడితే ఇంకో వైపు వాళ్లు గిన్నెలు మోగించేవాళ్లు. నీలేశ్‌భాయ్ భార్య హేతల్ ఒక నీలం రిబ్బను తెచ్చి భాగీరథి జడకు ముడివేసింది. చేతికి ఒక జెండా ఇచ్చింది.

"నవ్వు బెన్, నవ్వు! పండుగ కదా!"

భాగీరథి నవ్వింది. హేతల్ ఫోటో తీసుకుంది.

పక్క గుడారం డెలోరిస్‌ది. వాళ్ల సందులోనే ఉండే మనిషి, బస్సు నడుపుతుంది. బాను ఆసుపత్రికి తీసుకుపోయినప్పుడల్లా ఆమె బస్సే ఎక్కేవాళ్లు. కుర్చీ ఎక్కించడానికి తనే దిగి వచ్చేది. ఈ రోజు తలకు ఎర్రగుడ్డ చుట్టుకుని, చేతిలో గరిటెతో నిలబడి ఉంది.

"నువ్వు ఎటు? ఎరుపా, నీలమా?" అని అడిగింది, భాగీరథికి అర్థమయ్యే చిన్న చిన్న ఇంగ్లీషు ముక్కల్లో.

భాగీరథి ఏదో చెప్పబోయి తూలింది. పడలేదు, గుడారం గుంజ పట్టుకుంది. డెలోరిస్ గరిటె కింద పెట్టి దగ్గరికి వచ్చింది. భాగీరథి గడ్డం పట్టుకుని, పిల్లల కళ్లు చూసినట్టు కళ్లలోకి చూసింది.

"ఎప్పుడు పడుకున్నావు?"

భాగీరథి వేళ్లు మడిచి లెక్కపెట్టబోయి ఆగిపోయింది. డెలోరిస్ ఆమెను గుడారంలోకి నడిపించింది. లోపల నీడలో ఒక మడత మంచం విప్పింది. భాగీరథి బా వైపు చెయ్యి చూపించింది.

"ఆమెను నేను చూసుకుంటా. నువ్వు కూర్చో. ఐదు నిమిషాలు."

ఐదు నిమిషాలే కదా అని కూర్చుంది భాగీరథి. తర్వాతేమైందో ఆమెకు తెలియదు. డప్పులు మోగుతూనే ఉన్నాయి, వికెట్లు పడుతూనే ఉన్నాయి. పక్కనే ఎవరో మైకులో అరిచారు. ఆమె కదలలేదు.

కళ్లు తెరిచేసరికి ఎండ గుడారం ఇటు చివర నుంచి అటు చివరకు జరిగిపోయింది. "బా!" అంటూ లేచి, చెప్పులు లేకుండానే బయటికి ఉరికింది.

కాంతాబా తన కుర్చీలో దర్జాగా కూర్చుని ఉంది. ఒడిలో పళ్లెం, పళ్లెంలో తినగా మిగిలిన చిలగడదుంప ముక్కలు. ఎవరో ఆమె కుర్చీకి ఎర్ర రిబ్బను కట్టారు.

"నాలుగు గంటలు పడుకున్నావు. నేను చచ్చిపోలేదు, చూసుకో" అంది బా.

"మాఫ్ చెయ్ బా. బాత్రూమ్‌కు..."

"ఆ బస్సామె తీసుకుపోయింది. చంటిపిల్లను ఎత్తినట్టు ఎత్తింది. నీకంటే మెల్లగా దించింది." బా ఒక్క క్షణం ఆగింది. "నిద్రలో మాట్లాడావు. మీ భాష నాకు రాదు. రుచితా, రుచితా అన్నది మాత్రం అర్థమైంది."

భాగీరథి తల వంచుకుంది. బా గొంతు తగ్గించింది.

"ఆ బస్సామె హేతల్‌ను ఏదో అడిగింది. హేతల్ నాకు చెప్పకుండా మింగబోయింది. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది. విమానాలు నడుస్తున్నాయట. ఎన్నో నెలల నుంచి నడుస్తున్నాయట. వారం వారం తన బస్సులో జనాన్ని ఎయిర్‌పోర్టులో దింపుతోందట. నువ్వు ఇంకా ఇంటికి ఎందుకు పోలేదని అడిగింది."

భాగీరథి పక్కనే ఉన్న డబ్బా మీద కూర్చుంది.

టీ విరామంలో నీలేశ్‌భాయ్ చల్లని కూల్‌డ్రింక్ డబ్బాలు పట్టుకుని వచ్చాడు.

"భాగీరథి పాస్‌పోర్టు ఎక్కడుంది?" అని అడిగింది బా.

"ఇంట్లో ఉంది. ఎందుకు?"

"రేపు పొద్దున నా చేతిలో పెట్టు."

"బా, అందరూ చూస్తున్నారు. ఇంటికి పోయాక మాట్లాడుకుందాం."

"అందరూ చూడనీ. మొగుడు చావు నోట్లోకి పోయి వస్తే, విమానాలు లేవని ఈమెకు చెప్పావు. నాకూ అదే చెప్పావు."

"నీకోసమే కదా బా! ఈమె పోతే నిన్నెవరు చూస్తారు?"

"నాకోసమని ఈ పాపం నా నెత్తిన పెట్టకు" అంది బా. కోపంగా కుర్చీలో ముందుకు జరిగింది. పళ్లెం జారిపోకుండా భాగీరథి అందుకుంది.

ఆ రాత్రి ఇంటికి రాగానే ఫోన్ చేసింది భాగీరథి. సూరత్‌లో తెల్లారింది. వస్తున్నానని చెబుదామని ఆత్రం. రుచిత గొంతు నీరుగారిపోయి ఉంది.

"మమ్మీ, హేతల్ ఆంటీ స్టేటస్‌ల నీ ఫోటో పెట్టింది గదా. నువ్వు రిబ్బన్ కట్టుకొని మస్తుగున్నవని బాపుకు చూపించిన. నాకేం మాలూం మమ్మీ..."

"ఏమన్నడు?"

"ఏమనలేదు. జర సేపు చూసి ఫోన్ ఇచ్చేసిండు. తర్వాత లింగవ్వతోని అన్నడు. మేమీడ సచ్చి బతికినం, ఆమె ఆడ జాతర చేసుకుంటున్నదని."

"ఫోన్ బాపుకియ్యి."

అటువైపు దూరంగా దగ్గు మాత్రం వినిపించింది.

"తర్వాత మాట్లాడుతడట" అంది రుచిత.

చెప్పడానికి ఎంతో ఉంది. పడిపోబోయానని, నాలుగు గంటలు స్పృహ లేకుండా పడుకున్నానని, నవ్వమంటే నవ్వానని చెప్పొచ్చు. ఏదీ చెప్పే ఓపిక లేకపోయింది భాగీరథికి. "వస్తున్న అని చెప్పు" అని మాత్రం అంది. పండుగ రెండో రోజు ఇంట్లోనే ఉంది. వీధి వీధంతా బూరలు మోగాయి. ఆమె బా చీరలు ఉతికి ఆరేసింది.

కాగితాలకు, టికెట్టుకు, టెస్టులకు ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాల్లో అంబదాస్ ఒక్కసారి కూడా ఫోన్ దగ్గరికి రాలేదు. బా కోసం దీవిలోనే ఒక మనిషిని కుదిర్చారు. ఏ మందు ఎప్పుడు వేయాలో, ఏ వైపు పట్టుకుని లేపాలో భాగీరథి చేతులతో చూపించి నేర్పింది. పోయే రోజు పొద్దున బాకు తల దువ్వింది.

"మళ్లీ కలుస్తాం బా అని మాత్రం అనకు. ఇద్దరికీ తెలుసు. జడ గట్టిగా వెయ్, మళ్లీ సరిగా వేసేవాళ్లు దొరకరు" అంది బా.

మూడు విమానాలు మారి ముంబైలో దిగి, ముక్కులో పుల్ల పెట్టించుకుని, రైలెక్కి సూరత్ పక్కనున్న ఉధ్నాలో దిగింది భాగీరథి. స్టేషన్‌కు రుచిత, లింగవ్వ వచ్చారు. రుచిత తల్లి కంటే పొడుగైంది. ఎవరో పెద్దపిల్ల అనుకుని భాగీరథి ఒక్క క్షణం పక్కకు చూసింది. తర్వాత గుర్తుపట్టింది. ఇద్దరూ ఏడ్చారు. లింగవ్వ వాళ్లిద్దరినీ వదిలేసి సంచులు ఆటోలో వేసింది.

"పోరి నిన్ను మించింది భాగీరథీ. పదిహేడు రోజులు దవాఖాన మెట్ల మీదనే కూసున్నది. నేనే బుజ్జగించి తినబెట్టిన" అంది ఆటోలో.

అంబదాస్ గుమ్మంలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆ చొక్కా ఇద్దరు అంబదాస్‌లకు సరిపోయేట్టుంది.

"ఎప్పుడు తిన్నవో ఏమో. తిను ముందుగాల" అన్నాడు. అన్నం అతనే వండాడు. పప్పులో పులుపు ఎక్కువైంది. భాగీరథి రెండుసార్లు పెట్టించుకుంది.

ఫోటో సంగతి అతను ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. అడిగినదానికి జవాబు, పిలిస్తే పలుకు, అంతవరకే. చుట్టం ఇంట్లో ఉన్నట్టు ఒకరికొకరు తప్పుకుని తిరిగారు. పది రోజులకే భాగీరథి మళ్లీ ఆల్థాన్‌లో రెండిళ్లలో పని కుదుర్చుకుంది. పొద్దున్నే పోయి పొద్దుగూకాక వచ్చేది.

ఒక ఆదివారం ఆమె బట్టలు పిండుతోంది. లింగవ్వ ఇంట్లో టీవీలో ఏదో మ్యాచ్ వస్తోంది. ఎవరో అవుటైనట్టున్నారు, గోల వినిపించింది. అంబదాస్ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఉన్నట్టుండి అడిగాడు.

"ఆడ ఎవలు గెలిచిన్రు?"

భాగీరథి తడి చీర పిండుతూనే చెప్పింది.

"ఎవలు గెలువలేదట. రెండు దినాలు ఆడిన్రు, ఆట తేలలేదు."

"తేలకుంటే ఇంక పండుగెందుకు?"

"తిన్నరు, తాగిన్రు, ఎగిరిన్రు. నేను జూడలేదు."

"జూడలేదా? నవ్వుకుంట ఉన్నవు గదా ఫోటోల."

"ఆమె నవ్వుమన్నది, నవ్విన. తర్వాత పడిపోబోతుంటే పక్కామె పట్టుకొని మంచమేసింది. నాలుగు గంటలు పడుకున్న. నువ్వు దవాఖానల పడ్డనాటి సంది కన్ను మూసింది గప్పుడే."

అంబదాస్ తల తిప్పి ఆమెను చూశాడు. వచ్చిన తర్వాత మొదటిసారి నిండుగా చూశాడు. కళ్ల కింది నలుపు, చెంపల మీద లేచిన ఎముకలు.

"మరి చెప్పవేందే?"

"నువ్వు ఫోన్‌కు వచ్చినవా చెప్పనీకి?"

అతను చాపలోని పుల్లను గోటితో లాగుతూ కూర్చున్నాడు. తర్వాత చాలా నెమ్మదిగా, సాంచాల మోత ఎరగని మనిషిలా చెప్పాడు.

"నువ్వు జాతరకు పోయినవని కాదే. దవాఖానల నా పక్క మంచమాయన పోయిండు. అటు పక్కాయన పోయిండు. నేను ఉన్న. ఉండి ఏం జేస్తున్న, పోరి చేతుల తింటున్న. గప్పుడు నీ ఫోటో జూసిన. మంచిగ నవ్వుతున్నవు. నేను లేకున్నా అన్నీ నడుస్తయి అనిపించింది. గదే కొట్టింది నాకు."

భాగీరథి చీరను బకెట్‌లో వదిలేసి, తడిచేతులతోనే వచ్చి అతని పక్కన చతికిలబడింది.

"ఎట్ల నడిచిందో నాకు ఎరుక" అంది. "ఒక దినం బా చాయ్‌ల ఉప్పేసిన. ముసలిది మొత్తం తాగినంక చెప్పింది."

అంబదాస్ నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. ఆమె వీపు రాస్తూ కూర్చుంది. లోపలి నుంచి రుచిత నీళ్ల గ్లాసు తెచ్చి, ఇద్దరినీ చూసి, గ్లాసు అక్కడ పెట్టి పోయింది.

దీపావళి వెళ్లాక సేఠ్ కబురు పెట్టాడు. నేసిన బట్టను బల్ల మీద పరిచి, పోగు తెగినచోట సుద్దతో గుర్తు పెట్టే పని, కూర్చుని చేసేది, సగం పూట. మొదటి రోజు భాగీరథి తనే వెంట పోయింది. బమ్రోలి నుంచి కార్ఖానా దాకా పావుగంట దారి. నాలుగుచోట్ల ఆగి, ఒకచోట పాన్ దుకాణం బల్ల మీద కూర్చుని ముప్పావుగంటలో చేరారు. గేటు దగ్గర అంబదాస్ ఆమె భుజం మీది నుంచి చెయ్యి తీసి, చొక్కా సర్దుకుని, ఒక్కడే లోపలికి నడిచాడు. తలుపు తెరుచుకోగానే లోపలి మోత ఒక్కసారి బయటికి దూకి, తలుపు మూసుకోగానే సగానికి తగ్గింది.

భాగీరథి షేర్ ఆటో పట్టుకుని ఆల్థాన్ చేరేసరికి గంట ఆలస్యమైంది. ఇంటామె తలుపు తీస్తూనే కేకలేసింది. భాగీరథి చెప్పులు బయట విడిచి, కొంగు నడుముకు దోపుకుని, గిన్నెల ముందు కూర్చుంది.